పదో గంట ఎందుకు, ముందు తొమ్మిది గంటల లెక్క తీయండి

ఫ్యాక్టరీల్లో రోజుకు 9 గంటల పనిని 10 చేయడానికి 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఒప్పుకుంది, దాని మీద పెద్ద గొడవే జరిగింది. ఉత్పత్తి పెరగాలంటే గంటలు పెంచాలట. సరిగ్గా ఆ రోజుల్లోనే చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి మామిడి ట్రాక్టర్లు బారులు తీరాయి, కాయ దించడానికి రైతులు రాత్రుళ్లు రోడ్డు మీదే పడుకున్నారు. కిలోకు 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అంటూ అందరం ధర గురించే కొట్లాడుకున్నాం. క్యూని మాత్రం వానా ఎండా లాగా వచ్చిపోయేదే అనుకున్నాం.

జపాన్ కార్ల కంపెనీ టయోటాలో తైచి ఓనో అనే ఇంజినీర్ ఫ్యాక్టరీ పనిలో ఏడు రకాల వృథాలు రాసిపెట్టాడు. అందులో ఎదురుచూపు ఒకటి, అన్నిటికంటే చెడ్డది అవసరానికి మించి తయారుచేయడం. అంతకుముందు ఏడాది గుజ్జు డ్రమ్ముల్లో మిగిలిపోయి ఉండగా కొత్త పంట విరగకాయడం, ట్రాక్టర్‌లో కాయ మగ్గిపోయి లోపలికి వెళ్లేసరికి కొంత ఏరి పారేయాల్సి రావడం, ఇవన్నీ ఆ జాబితాలోవే. పదో గంట వీటిలో దేన్ని తగ్గిస్తుందో ఎవరైనా చెప్పండి.

కారు వేరు, మామిడి వేరు, రెండు నెలల సీజన్‌లో ఈ జపాన్ పద్ధతులు కుదరవని యజమానులు అంటారు. కాయ మన టైంకి పండదు, నిజమే. కానీ ఏ ఊరి కాయ ఏ రోజు ఏ గేటుకి రావాలో ముందే చెప్పడానికి చెట్టు అడ్డుపడదు కదా!

అసలు విషయం ఇంకోటుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో ఒక ప్లాంటు మూసేసింది, నాణ్యత అధ్వాన్నం, డుమ్మాలు విపరీతం. 1984లో టయోటా భాగస్వామ్యంతో, చాలావరకు ఆ పాత కార్మికులతోనే దాన్ని మళ్లీ తెరిచారు. కొద్దికాలంలోనే అమెరికాలో మంచి నాణ్యత ఉన్న ప్లాంట్లలో అది చేరింది. మనుషులు వాళ్లే. మారిందేమిటంటే, లోపం కనబడితే తాడు లాగి లైన్ ఆపే అధికారం మామూలు వర్కర్‌కి వచ్చింది, అలా ఆపినవాణ్ని తిట్టకుండా సూపర్‌వైజర్ పరుగున వచ్చి సాయం చేశాడు.

వృథా తగ్గించే ఈ టయోటా తరహా పద్ధతినే లీన్ అంటారు. మనవాళ్లు లీన్ అంటే గోడకు 5ఎస్ (పనిచోటును సర్ది శుభ్రంగా ఉంచే పద్ధతి) పోస్టర్, నేల మీద పసుపు గీతలు, ఆడిట్ రోజు ఊడ్చి తుడవడం అనుకుంటున్నారు. చిన్న పరిశ్రమలకు లీన్ నేర్పే కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం భరించే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది, వాడుకోండి. కానీ రేణిగుంటలోనో శ్రీసిటీలోనో కాంట్రాక్టర్ తెచ్చి నిలబెట్టిన కుర్రాడు, వచ్చే నెల ఉంటాడో లేదో తెలియనివాడు, మిషన్ తేడా చేస్తోందని నోరు విప్పుతాడా? వాడి టెన్షన్ అంతా గేట్ పాస్ పోకుండా చూసుకోవడమే. పర్మినెంట్ చేయకుండా నాణ్యత రమ్మంటే రాదు, ఇది నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నదే.

అందుకే పదో గంట అడిగే ప్రతి యజమానీ ముందు కార్మిక శాఖకు ఒక కాగితం ఇవ్వాలి: పోయిన మూడు నెలల్లో మిషన్లు ఎన్ని గంటలు ఆగాయి, ఎంత సరుకు పారేశారు, ఎంత మళ్లీ చేయించారు, ఎంతమంది మానేసి వెళ్లిపోయారు. ఇవ్వలేనివాళ్లకు తొమ్మిది గంటలే చాలు.