నూట అరవై ఒకటో పేజీ

నవల అన్నాక ఎన్ని పేజీలుండాలి? మా బావగారు రిటైరైన లెక్కల మాస్టారు. అందుకని కలం పట్టకముందే ఈ లెక్క తేల్చేద్దామనుకున్నారు. బీరువాలోంచి ‘వేయిపడగలు’, ‘మైదానం’ తీసి పక్కపక్కన పెట్టారు. ఒకటి ఇటుకంత, రెండోది భోజనం చేసి మొదలుపెడితే సాయంత్రం టీ లోపు అయిపోయేది. జనం రెండూ చదువుతూనే ఉన్నారు. పోనీ సగటు తీస్తానంటే నేనే వద్దన్నాను.

డాలస్ నుంచి మేనల్లుడు ఫోన్లో యాభై వేల పదాలన్నాడు. అక్కడ నవంబరు నెలంతా పట్టుబట్టి అన్నేసి పదాలు రాసేవాళ్ళున్నారట. “ఎన్నైనా రాయండి, ప్రూఫులు మాత్రం నన్ను దిద్దమనకండి” అంది అక్క.

చివరికి బావగారు లెక్క మానేసి రాసేశారు. విజయవాడలో ఓ ప్రెస్సుకి ఇచ్చాం. డెమ్మీ సైజు, 14 పాయింటు అక్షరం. కంపోజింగ్ అయ్యాక ప్రెస్సాయన ఫోన్ చేశాడు.

“మాస్టారూ, 161 పేజీలొచ్చింది. అచ్చేసే ఒక్కో పెద్ద కాగితానికి, అంటే ఫారానికి, పదహారు పేజీలు. పది ఫారాలకి 160. ఆ ఒక్క పేజీ తీసేయండి.”

ఆ ఒక్క పేజీలో ఉన్నవి మూడే లైన్లు. కాకపోతే హీరోయిన్ పెళ్ళికి ఒప్పుకునేది ఆ మూడు లైన్లలోనే. పుస్తకం మొత్తం ఆ పిల్ల జవాబు కోసమే నడిచింది!

పోనీ వెనక ఎక్కడైనా కోద్దామని అందరం కూర్చున్నాం. గోదావరి పుష్కరాల వర్ణన పన్నెండు పేజీలుంది, అందులో ఓ మునక తగ్గించమన్నాను నేను. బావగారు ముఖం ముడుచుకున్నారు. అత్తగారి పాత్ర తగ్గించమంది అక్క.

“ఆవిడ మా అమ్మే!”

“తెలుసు. అందుకే అంటున్నా.”

కొయ్యడం కుదరదని తేలాక బావగారు ఎదురు తిరిగారు. “పదిహేను పేజీలు కలిపితే నిండుగా పదకొండు ఫారాలు, 176. ఏమోయ్, ఇంత చిన్న విషయానికా టెన్షన్?” అని రెండు రాత్రులు కూర్చున్నారు. కథలోకి ఓ ఇన్సూరెన్స్ ఏజెంటు దిగాడు. ఏజెంటు కదా, ఓసారి లోపలికొచ్చాక అంత తొందరగా కదలడు. పదిహేనులో సరిపెట్టుకోకుండా పంతొమ్మిది పేజీలు తిన్నాడు. మొత్తం 180.

“పోనీ అక్షరం 13 పాయింటు చేద్దాం” అన్నాడు ప్రెస్సాయన, గొంతులో నీరసంతో.

ఇక్కడ మా బావగారిలో మాస్టారు నిద్ర లేచాడు. అడ్డంగానూ తగ్గుతుంది, నిలువుగానూ తగ్గుతుంది కాబట్టి పదమూడు వర్గాన్ని పద్నాలుగు వర్గంతో భాగించి, 180తో హెచ్చవేసి, 155.2 అని ప్రకటించారు. ఆపరేటర్ కుర్రాడు మార్చి చూస్తే 156. ప్రెస్సంతా చప్పట్లు. నలభై ఏళ్ళ సర్వీసులో ఏ క్లాసూ ఆయనకు చప్పట్లు కొట్టలేదు. ఆ సంబరంలో, చదవాల్సిన ఆయన స్నేహితుల్లో సగం మందికి శుక్లాల ఆపరేషన్ అయిందన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు.

ఇప్పుడు పది ఫారాల్లో నాలుగు పేజీలు ఖాళీ. వాటిమీద ‘పాఠకుల అభిప్రాయాలు’ అని అచ్చేయించారు. మా అక్క తన కాపీలో అక్కడ పాల లెక్క రాసుకుంటోంది.

ఆవిష్కరణ సభలో మాట్లాడిన పెద్దాయన హీరో ఊసెత్తలేదు, హీరోయిన్ ఊసెత్తలేదు. నవలకి ప్రాణం ఇన్సూరెన్స్ ఏజెంటే అన్నారు. అంత సజీవమైన పాత్ర ఎలా పుట్టిందో రచయిత చెప్పాలన్నారు.

బావగారు మైకు ముందు నిలబడి కండువా సర్దుకున్నారు. “జీవితంలోంచి” అన్నారు గంభీరంగా.

వెనక వరసలో ప్రెస్సాయనకి పొలమారింది.