చిన్న కంపెనీ వర్క్ ఫ్రమ్ హోమ్ ఆఫర్: సంతకానికి ముందు తేల్చుకోవాల్సిన లెక్కలు

ఇంటి నుంచి పని అనగానే చాలామంది వేసే లెక్క ఒకటే. రాకపోకల సమయం ఎంత మిగులుతుంది, ఖర్చు ఎంత తగ్గుతుంది, ఆ మేరకు జీతం తగ్గినా ఫర్వాలేదా? పెద్ద సంస్థ అయితే ఈ లెక్కతో సరిపెట్టుకోవచ్చు. పది, పదిహేను మంది పనిచేసే కంపెనీ అయితే మాత్రం ఇది చివర్లో వేసుకోవాల్సిన లెక్క. ముందు తేలాల్సినవి రెండున్నాయి. వచ్చే ఏడాది జీతాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడ పని రాతకోతల మీద నడుస్తుందా, యజమాని నోటిమాట మీద నడుస్తుందా?

ఇంటి పనిని సమర్థించేవారు తరచూ చూపించేది చైనా ట్రావెల్ సంస్థ సీట్రిప్‌లో జరిగిన ప్రయోగం. స్టాన్‌ఫోర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం 2010 చివర్లో మొదలుపెట్టి తొమ్మిది నెలలు నడిపింది. ఇంటి నుంచి చేసిన కాల్‌సెంటర్ ఉద్యోగుల పనితీరు 13 శాతం పెరిగింది, మానేసేవారు సగానికి తగ్గారు. అందరికీ గుర్తుండేవి ఈ రెండు అంకెలే. షరతులు ఎవరూ చెప్పరు. సంస్థలో ఆరు నెలలైనా పనిచేసి, ఇంట్లో విడిగా గది, బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారినే అందులోకి తీసుకున్నారు. వారానికో రోజు ఆఫీసుకు రావాల్సిందే. ఎవరు ఎన్ని కాల్స్ తీసుకున్నారో కంప్యూటరే లెక్కగట్టే పని అది. అంత కొలతున్న చోట కూడా, ఆఫీసువారితో సమానంగా పనితీరు చూపినా, ఇంటి నుంచి చేసినవారికి ప్రమోషన్ అవకాశం తగ్గింది. ప్రయోగం ముగిశాక మళ్లీ ఎంచుకోమంటే సగానికి పైగా నిర్ణయం మార్చుకున్నారు.

చిన్న కంపెనీలో ఈ షరతుల్లో ఒక్కటీ ఉండదు. చేరిన మొదటి రోజే ఇంటి నుంచి మొదలు. పనిని కొలిచే పద్ధతి ఉండదు, యజమాని అభిప్రాయమే కొలత. కాబట్టి ఆ 13 శాతాన్ని చూసి ధైర్యపడటం సరికాదు.

ఇక డబ్బు సంగతి. లాభాల్లో ఉన్న చిన్న కంపెనీ కూడా జీతాలు ఆలస్యం చేస్తుంది, దానికి కారణం మోసమే కానక్కర్లేదు. క్లయింట్ బిల్లుకు 60 రోజుల గడువు ఉందనుకుందాం. జనవరిలో చేసిన పనికి నెలాఖరున బిల్లు పెడితే డబ్బు మార్చి చివరికి వస్తుంది. ఆలోగా జనవరి, ఫిబ్రవరి, మార్చి జీతాలు కంపెనీ చేతి నుంచే కట్టాలి. కొత్త ప్రాజెక్టు రాగానే మనుషుల్ని తీసుకుంటారు కాబట్టి, మీరు చేరే సమయమే తరచుగా ఆ కంపెనీకి చేతిలో డబ్బు ఆడని సమయం. క్లయింట్లలో ఒక్కరి నుంచే సగానికి మించి ఆదాయం వస్తుంటే, ఆ ఒక్కరు బిల్లు ఆపినా మీ జీతం ఆగుతుంది.

ఇంటి నుంచి పనిచేసేవారికి ఇక్కడే అసలు చిక్కు. ఆఫీసులో ఉంటే సంగతి ముందే తెలిసిపోతుంది. అకౌంటెంట్ ముభావంగా ఉంటాడు, కేబిన్ తలుపులు మూసి మీటింగులు జరుగుతాయి, రెండు కుర్చీలు ఖాళీ అవుతాయి, ఇంటర్నెట్ బిల్లు కట్టలేదని ఎవరో గొణుక్కుంటారు. ఇంట్లో కూర్చున్నవారికి అందే మొదటి సూచన ఖాతాలో జీతం పడకపోవడమే. అందుకే ఆ సమాచారాన్ని ఇంటర్వ్యూలోనే రాబట్టుకోవాలి.

ఇందుకు బ్యాలెన్స్ షీట్ అడగక్కర్లేదు. ఈ పోస్టు కొత్తదా, ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయిందా? ఏ ప్రాజెక్టు ఆదాయం మీద ఈ జీతం ఇస్తున్నారు, ఆ కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది? బ్యాంకులో ఉన్న డబ్బుతో ఎన్ని నెలలు నడపగలరు? గత ఏడాదిలో జీతం ఆలస్యమైందా, ఎన్ని రోజులు? ‘ఒకసారి పెద్ద బిల్లు ఆగి పది రోజులు ఆలస్యమైంది, ముందే అందరికీ చెప్పాం’ అనే యజమానిని నమ్మొచ్చు. ‘మాదంతా ఒక కుటుంబంలా ఉంటుందండీ’ అన్నది మాత్రం ఈ ప్రశ్నల్లో దేనికీ జవాబు కాదు. మీ వైపు నుంచి కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండాలి. అది లేనివారు, జీతం కాస్త తక్కువైనా, వేళకు ఇచ్చే చోటే చేరడం మేలని నా అభిప్రాయం.

రెండో విషయం రాత. గిట్‌ల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్ సంస్థ ఆఫీసే లేకుండా నడుస్తోందంటే, పని పద్ధతులన్నీ ఎవరైనా చదవగలిగేలా హ్యాండ్‌బుక్‌లో రాసిపెట్టుకోవడం అందుకు ఒక పెద్ద కారణం. చిన్న కంపెనీ నుంచి అంత ఆశించలేం. కానీ ఈమధ్య పూర్తయిన ఒక పనిని క్లయింట్ పేరు తీసేసి చూపించమని అడగొచ్చు. ఎవరు అప్పగించారు, ఏం కావాలన్నారు, మధ్యలో ఏం మారింది, ఎవరు ఓకే చేశారు అన్నవి ఒకచోట కనిపిస్తే చాలు. అంతా ఫోన్ కాల్స్, వాయిస్ మెసేజ్‌ల మీద నడుస్తుంటే గొడవ ఖాయం. ‘ఇలా చేయమని నేను చెప్పలేదు’ అని యజమాని అంటే మీ దగ్గర ఆధారం ఉండదు, పక్క సీట్లో సాక్షీ ఉండడు. నిర్ణయం తీసుకునే మనిషి రెండు రోజులు అందుబాటులో లేకపోతే పని ఎవరు నడిపిస్తారని కూడా అడగండి. ఆ ప్రశ్నకు మౌనమే జవాబైతే, ఆయన విమానం దిగేదాకా ఆగిన పనిని మీరు రాత్రి పదింటికి పూర్తి చేయాల్సి వస్తుంది.

ఆఫర్ లెటర్‌లో ముందు చూడాల్సింది మీరు ఉద్యోగా, కన్సల్టెంటా అన్నది. కన్సల్టెంట్ అని రాస్తే జీతంతో కూడిన సెలవులు, ప్రావిడెంట్ ఫండ్ లాంటివి సాధారణంగా ఉండవు, పన్ను లెక్కలు మీరే చూసుకోవాలి. ఉద్యోగి అని రాసినా చట్టాల రక్షణ చాలా దేశాల్లో కంపెనీలోని మనుషుల సంఖ్యను బట్టి ఉంటుంది. భారత్‌లో పీఎఫ్ చట్టం సాధారణంగా 20 మంది ఉంటేనే తప్పనిసరి. అమెరికాలో కుటుంబ, వైద్య సెలవుల చట్టం ప్రైవేటు సంస్థలకు కనీసం 50 మంది ఉంటేనే వర్తిస్తుంది.

పనిచేసే చోటు గురించి ఏం రాశారో రెండోసారి చదవండి. ‘ప్రస్తుతానికి ఇంటి నుంచి’ అన్న మాటకు ఏ విలువా లేదు. 2013లో యాహూ, 2017లో ఐబీఎం ఇంటి నుంచి చేస్తున్నవారిని ఆఫీసులకు రమ్మన్నాయి; చిన్న కంపెనీకి అంత ప్రకటన కూడా అక్కర్లేదు, ఒక్క మెయిల్ చాలు. ఆఫీసుకు పిలిస్తే కనీసం 60 రోజుల ముందు చెప్పాలనీ, రాలేకపోతే నోటీస్ పీరియడ్ జీతంలో కోత లేకుండా వెళ్లనివ్వాలనీ రాయించుకోవడం సాధ్యమే. కుదరదంటే ఆ ఆఫర్‌ను ఆఫీసు ఉద్యోగంగానే లెక్కేయండి. ల్యాప్‌టాప్ కంపెనీదై ఉండాలి. మీ సొంత దానిలో స్క్రీన్‌షాట్లు తీసే ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ వేస్తామంటే ఒప్పుకోవద్దు, అది మీ బ్యాంకు పేజీనీ ఫొటో తీస్తుంది.

ఇంట్లో ఏర్పాట్ల గురించి రెండు మాటలు చాలు. వీడియో కాల్స్‌లో మీ మాట, బొమ్మ అవతలికి చేరడానికి కావాల్సింది అప్‌లోడ్ వేగం. కనెక్షన్ తీసుకునేటప్పుడు అందరూ చూసేది డౌన్‌లోడ్ అంకెనే. వేగాన్ని రద్దీ ఉండే సాయంత్రం పూట పరీక్షించండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రౌటర్ ఆగిపోతుంది. దానికో చిన్న యూపీఎస్ పెట్టాలి.

ఇవన్నీ తేలాక జీతం లెక్కకు రండి. రోజుకు ఎనిమిది గంటల పని, రెండు గంటల ప్రయాణం ఉంటే 22 పనిదినాల నెలలో 220 గంటలు పోతాయి. ఇంటి నుంచైతే 176. అంటే జీతం 20 శాతం తగ్గినా గంటకు పడేది అంతే. అయితే రోజూ ఒక గంట అదనపు కాల్స్‌కు పోతే 198 గంటలవుతుంది, అప్పుడు అదే జీతానికి గంట విలువ 11 శాతం దాకా పడిపోతుంది. చిన్న కంపెనీల్లో ఆ అదనపు గంట రానే వస్తుంది. కాబట్టి 10 శాతానికి మించి కోతకు ఒప్పుకోవడం లాభసాటి కాదు.

అప్పుడే చదువు పూర్తయినవారు దీనికి దూరంగా ఉండటమే మంచిది. నేర్పే సీనియర్ ఉన్నా ఆయనకు తీరిక ఉండదు, దూరం నుంచి చూసి నేర్చుకునే వీలూ ఉండదు. నాలుగైదేళ్ల అనుభవంతో, తన పని తాను చేసుకోగలిగినవారికి మాత్రం ఇది మంచి అవకాశం కావచ్చు. పెద్ద సంస్థలో ఏళ్లకు గానీ దక్కని బాధ్యత ఇక్కడ నెలల్లో చేతికొస్తుంది.

చేరినవారు మొదటి నెల నుంచే ఒక పని చేయాలి. ఆఫర్ లెటర్, పే స్లిప్‌లు, హైక్ మెయిల్, సెలవుల లెక్క ఎప్పటికప్పుడు వ్యక్తిగత ఖాతాలో దాచుకోవాలి, క్లయింట్ ఫైళ్ల జోలికి మాత్రం పోకూడదు. కంపెనీ మూతపడితే రిలీవింగ్ లెటర్ ఇచ్చే మనిషే ఉండడు, ఆఫీసు మెయిల్ ఆ రోజే ఆగిపోవచ్చు. తర్వాతి ఉద్యోగంలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు ఆ కాగితాలతో పాటు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటే ఆధారం.