గుంతకూ ఒక శిలాఫలకం

మన నగరపాలక సంస్థల్లో జవాబుదారీతనం కరువైందని, ఎన్నికలు దగ్గరపడితే తప్ప నాయకులకు జనం కనబడరని వాపోయేవారి సంఖ్య ఈమధ్య బాగా పెరిగింది. ఈ ఆరోపణ శుద్ధ అన్యాయమని మొదటే మనవి చేసుకుంటున్నాను. ఎవరు ఏ పని చేశారో రాతి మీద చెక్కించి, నలుగురూ నడిచే దారిలో నిలబెట్టే సంప్రదాయం మనది. ఇంతకు మించిన జవాబుదారీతనం ఉంటుందా? హైదరాబాదులో ఏ కాలనీ మొగలో నిలబడి చూసినా నడుమెత్తు ఇటుక దిమ్మె, దానికి అతికించిన నల్ల గ్రానైటు పలక, దాని మీద బంగారు రంగు అక్షరాలు కనిపిస్తాయి. పైన ప్రభుత్వ చిహ్నం, దాని కింద సీసీ రోడ్డో మురుగునీటి పైపులైనో, పక్కనే లక్షల్లో అంచనా వ్యయం, ఆ కింద "గౌరవనీయులు" అంటూ మొదలై మంత్రిగారు, పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు, శాసనమండలి సభ్యులు, మేయరు, డిప్యూటీ మేయరు, చిట్టచివర, దిమ్మెకు ఆనుకుని పడుకునే కుక్క వీపుకు తగిలేంత కింద, స్థానిక కార్పొరేటరు.

ఈ వరసలో ఎవరు ఎవరికి పైన ఉండాలో, ఎవరి పేరు ఎంత లావు అక్షరాల్లో ఉండాలో ప్రోటోకాల్ నిర్ణయిస్తుంది. పేరు తప్పిపోతే సదరు ప్రజాప్రతినిధి దిమ్మె ముందే బైఠాయిస్తారు, అనుచరులు నినాదాలు చేస్తారు, ఇంజనీరు సంజాయిషీ ఇచ్చుకుంటారు, వారం తిరక్కుండా కొత్త పలక వస్తుంది. వేసిన రోడ్డు నాలుగు వానలకు కొట్టుకుపోతే ఇంత వేగంగా స్పందన ఉండదని కొందరు ఎత్తిచూపుతారు గానీ, వారు ఒక సూక్ష్మం మరిచిపోతున్నారు. రోడ్డు మీద ఎవరి పేరూ లేదు. పేరు లేని వస్తువు పాడైతే ఎవరి పరువు పోతుంది?

అందుచేత వ్యవస్థలో లోపం ఒక్కటే అని నా అభిప్రాయం. పని జరిగిన చోట పలక పెడుతున్నాం, జరగని చోట పెట్టడం లేదు. నగరంలో ఏర్పడే ప్రతి గుంతకూ, పొంగే ప్రతి మ్యాన్‌హోల్‌కూ, పూడిక తీయని ప్రతి నాలాకూ ఇదే కొలతలతో, ఇదే గ్రానైటుతో, ఇదే ప్రోటోకాల్‌తో ఒక శిలాఫలకం ప్రతిష్ఠించాలని ఇందుమూలంగా ప్రతిపాదిస్తున్నాను. జనన మరణాల నమోదు ఎటూ కార్పొరేషన్ పనే కనుక గుంత పుట్టిన తేదీ రాయడం వారికి కొత్త భారమేమీ కాదు. కొబ్బరికాయ కొట్టాలా వద్దా అన్నది పండితుల అభిప్రాయం తీసుకుని తేల్చుకోవచ్చు.

ఇందులో చిక్కు లేకపోలేదు. పలక మీద ఎవరి పేరు చెక్కాలి? 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలును తెచ్చి పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ అంశాలు 18 అని లెక్క చెప్పింది. అందులో నగర ప్రణాళిక ఉంది, రోడ్లున్నాయి, తాగునీరుంది, పారిశుద్ధ్యముంది, అగ్నిమాపక సేవ కూడా ఉంది. అయితే "అప్పగించదగ్గ" అన్న చోట మన రాష్ట్ర ప్రభుత్వాలు, అవి ఏ పార్టీవైనా సరే, కాసేపు ఆగి ఆలోచించాయి, ఇంకా ఆలోచిస్తున్నాయి. హైదరాబాదులో నీళ్లూ మురుగూ 1989 నుంచే జలమండలివి. ప్రణాళిక కోసం 2008లో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వచ్చింది. అగ్నిమాపకం రాష్ట్రానిది, కరెంటు పంపిణీ సంస్థది, పెద్ద రోడ్లు కొన్ని రోడ్లు భవనాల శాఖవి, కొన్ని జాతీయ రహదారుల వారివి. చెరువుల ఆక్రమణలకూ విపత్తులకూ 2024లో హైడ్రా అనే సంస్థ పుట్టింది. ఇప్పుడు ఒక మాదిరి గుంతను తీసుకోండి. అది మ్యాన్‌హోల్ మూత పక్కన పుట్టింది కనుక జలమండలిది. అక్కడే కేబుల్ కోసం తవ్వి మట్టితో కప్పారు కనుక కరెంటువారిది. పైనున్న తారు కార్పొరేషన్‌ది. అందులో నిలిచిన నీరు ఆకాశానిది. ఇన్ని పేర్లు పట్టాలంటే పలక కాదు, ప్రహరీ గోడ కావాలి. ఖర్చుకు వెనుకాడవద్దని నా సలహా. రాయి ఒకసారే కొంటాం, గుంత ఏటేటా ఉంటుంది.

పైగా ఎన్నికైన పాలకవర్గమే లేని కాలంలో పుట్టిన గుంతల సంగతి ఉంది. పాత హైదరాబాదు మున్సిపల్ కార్పొరేషన్‌కు 1986లో ఎన్నికలు జరిగితే మళ్లీ 2002లో జరిగాయి. విశాఖపట్నంలో 2007లో ఎన్నికైన పాలకవర్గం 2012లో దిగిపోతే, తిరిగి ఓటు వేసే అవకాశం 2021 మార్చిలో వచ్చింది. అయిదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నికలు జరపాలని అదే రాజ్యాంగ సవరణ చెబుతోంది గానీ, ఏ సంవత్సరంలోగా అన్నది మనవాళ్లు ఉదారంగా అర్థం చేసుకున్నారు. గడువు తీరిన పాలకవర్గం దిగిపోయాక నడిమి కాలమంతా ప్రత్యేకాధికారుల పాలన. బదిలీ మీద వచ్చి బదిలీ మీద వెళ్లే అధికారి పేరు గ్రానైటు మీద ఎందుకు, స్లేటు మీద సుద్దముక్కతో రాస్తే సరిపోతుంది.

పాలకవర్గం ఉన్నప్పుడు మాత్రం చిక్కు ఉండదనుకుంటే పొరపాటు. 2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాదు ఎన్నికలు జరిగాయి. 150 డివిజన్లలో తెరాసకు 56, భాజపాకు 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 దక్కాయి. మజ్లిస్ మద్దతుతో తెరాస తరఫున 2021 ఫిబ్రవరి 11న గద్వాల విజయలక్ష్మి మేయరు అయ్యారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక, 2024లో, మేయరు, డిప్యూటీ మేయరు ఇద్దరూ కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. ఇది నియమవిరుద్ధమని ఎవరైనా అంటే వారు రాజ్యాంగం పదో షెడ్యూలు చదవలేదన్నమాట. అది పార్లమెంటు, శాసనసభల సభ్యుల ఫిరాయింపుల గురించి మాట్లాడుతుంది గానీ కార్పొరేటర్ల ఊసెత్తదు. శిలాఫలకం మీద పదవి, పేరు చెక్కి పార్టీని వదిలేసిన మన పెద్దల దూరదృష్టి ఇలాంటప్పుడే తెలిసొస్తుంది. లేకపోతే కండువా మారినప్పుడల్లా ఉలి పట్టుకుని తిరగాల్సి వచ్చేది.

విశాఖలో ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడ 2021లో వైకాపా గెలుచుకున్న కార్పొరేషన్‌లో, రాష్ట్రంలో తెదేపా కూటమి ప్రభుత్వం వచ్చాక, 2025 ఏప్రిల్ 19న మేయరు మీద అవిశ్వాస తీర్మానం 74 ఓట్లతో నెగ్గింది. తీర్మానానికి ముందు ఇరుపక్షాల కార్పొరేటర్లూ క్యాంపులకు తరలివెళ్లారు. ఓటరు మాత్రం మధ్యలో ఎక్కడా మళ్లీ ఓటు వేయలేదు. వేసిన ఓటు మీద వేరేవాళ్లు ప్రయాణం చేసి వచ్చారు, అంతే. వారు ఊళ్లో లేని రోజుల్లో వార్డుల్లో పనులేవీ ఆగిపోలేదని అంటారు. అది నమ్మదగ్గ మాటే.

ఇంతకీ అసలు ముద్దాయి ఓటరేనని నా గట్టి నమ్మకం. 2020లో గ్రేటర్‌లో ఓటర్లు 74 లక్షల పైచిలుకు ఉండేవారు. ఆ ఏటి ఎన్నికల్లో వారిలో పోలింగు కేంద్రానికి వచ్చినవారు 46 శాతం చిల్లర. 2016లో 45 శాతం. సగంకంటే ఎక్కువమంది సెలవు తీసుకుని ఇంట్లో కూర్చున్నారు. ఈ రోడ్డు ఇలా ఎందుకుందని మర్నాడు టీకొట్టు దగ్గర ఎక్కువగా అడిగేది కూడా వీళ్లే. వచ్చినవాళ్లయినా ఏమడిగారు? ఆ ఎన్నికలకు ముందు, 2020 అక్టోబరులో కురిసిన వానలకు నగరం మునిగింది, పాతబస్తీలో గుర్రం చెరువు కట్ట తెగింది, కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. మీసేవ కేంద్రాల ముందు బారులు కట్టిన జనాన్ని చూసి, ఎన్నికల కోడ్ అమల్లో ఉంది కనుక ఆపమని నవంబరు 18న రాష్ట్ర ఎన్నికల సంఘం చెప్పింది. ఆ తర్వాత మేనిఫెస్టోల్లో వేలంపాట మొదలైంది. భాజపా 25,000 అంది, కాంగ్రెస్ 50,000 అంది. నాలా మీద ఇల్లు కట్టుకునేందుకు అనుమతి ఎవరిచ్చారు, కట్టకు మరమ్మతు ఎవరు చేయించాలి అన్న ప్రశ్నకు ఎవరూ పాట పాడలేదు. పాడి ఉంటే ఆ ప్రశ్న ధర ఎంత పలికేదో తెలిసేది. మా ప్రాంతానికి వచ్చిన ఒక అభ్యర్థిని ఒక పెద్దావిడ మాత్రం "బిడ్డా, పైసలు సరేగానీ మా ఇంట్లకు నీళ్లు ఎటునుంచి వచ్చినయో చెప్పు" అని అడిగింది. ఆయన రెండు చేతులూ జోడించి "ఆశీర్వదించమ్మా" అని ముందుకు సాగిపోయారు. ఆశీర్వాదం అడగడం కూడా ఒక సమాధానమే, కాదనలేం.

కాబట్టి ఎన్నికల వేళ నా ప్రతిపాదన మరింత పనికొస్తుంది. ప్రచారానికి వచ్చే అభ్యర్థి చేతికి మైకు ఇచ్చేముందు గుంత పలక దగ్గర నిలబెట్టి, అందులో తన పేరు ఏ వరసలో ఉందో బిగ్గరగా చదివించవచ్చు. ప్రతిపక్షం వారు తమ పేరు లేదని సంతోషించే ముందు, పాత పలకలు వెతికి వారి హయాంలో పుట్టిన గుంతలు చూపించవచ్చు. పేరు తప్పిపోయిందని ధర్నా చేసేవారు మాత్రం ఈ పలకల దగ్గర కనబడరని నా అంచనా. ఆ మేరకు ట్రాఫిక్‌కు మేలు.

ఒక్క అడ్డంకి మిగిలింది. నోటిఫికేషన్ రాగానే కోడ్ అమల్లోకి వస్తుంది, నాయకుల పేర్లు చూసి ఓటరు ప్రభావితుడవుతాడన్న భయంతో శిలాఫలకాలకూ విగ్రహాలకూ సిబ్బంది గుడ్డలు చుడతారు. గుంతల పలకలకూ ఇదే నియమం వర్తిస్తుంది, వర్తించాలి. పేరు చూసి ఓటరు ప్రభావితుడయ్యే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. కోడ్ ఉండగా కొత్త పనులు మొదలుపెట్టకూడదు కనుక గుంతను పూడ్చడానికీ వీలుండదు. గుడ్డల కొనుగోలుకు టెండరు పిలవాలా, టెండరు లేకుండా నామినేషన్ మీద ఇవ్వాలా అన్నది కమిషనర్లు చూసుకుంటారు. సర్క్యులర్‌లో ఒక్క వాక్యం మాత్రం విడిగా చేర్చాలని కోరుతున్నాను: గుడ్డ కప్పవలసింది పలక మీద, గుంత మీద కాదు. మన సిబ్బంది ఆదేశాన్ని తొందరలో చదువుతారు, ఆ దారిన రాత్రిపూట స్కూటర్లు వస్తుంటాయి.