బేలీఫ్ ఇంటి చిమ్నీ ఎందుకు తీశారు?

ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, చిడింగ్‌స్టోన్ దగ్గర, బేలీఫ్ అనే పాత రైతు ఇల్లు ఉండేది. బావ్ బీచ్ జలాశయం వస్తుందని 1968-69లో దాన్ని విప్పి, ససెక్స్‌లో సింగిల్టన్ దగ్గరి వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టారు. తరువాతి తరాలు చేర్చిన ఇటుక చిమ్నీని మాత్రం కట్టలేదు. ఆ ఇల్లు చూసి వచ్చిన అక్కాతమ్ముళ్ల వాదన ఇది.

తమ్ముడు: చిమ్నీ లేదు కాబట్టే కదక్కా ఆ ఇల్లు అర్థమైంది! హాలు నడుమ నేల మీదే నెగడు, పైన కప్పు దాకా ఖాళీ. పొగంతా పెంకుల సందుల్లోంచే పోవాలి. చిమ్నీ కట్టి, మధ్యలో అటక వేసిన ఇంట్లో అది కనిపించేదా?

అక్క: కనిపించేది కాదు, ఒప్పుకుంటాను. కానీ అది ఏ కాలపు ఇల్లు? హాలు, దాని పక్క పనిగదులు 1405-1430 నాటివి. రెండో చివర మేడగది ఉన్న భాగం సుమారు 1505-10లో కట్టినది. సామానేమో 1540 నాటి తీరులో అమర్చారు. దాదాపు నూరేళ్ల తేడా ఉన్న రెండు భాగాలు పక్కపక్కన ఉండవచ్చు, ఆ తరువాత వచ్చిన చిమ్నీకి మాత్రం చోటు లేదా? దాన్ని కట్టించుకున్న రైతు కూడా ఆ ఇంటి మనిషే. పొగకు కళ్లు మండుతూ వండిన ఇల్లాలికి అది ఎంత మేలు చేసి ఉంటుంది! 1877లో ఇంగ్లిష్ కవి, కళాకారుడు విలియం మోరిస్ పాత కట్టడాలను కాపాడే సంఘం పెట్టింది ఇందుకే. అసలు రూపం తెస్తామంటూ చర్చి గోడలు గీకేసి, మధ్య శతాబ్దాలను చెరిపేస్తున్నారనే ఆయన బాధపడ్డాడు.

తమ్ముడు: అది ఉన్నచోటే నిలిచి ఉన్న కట్టడాల మాట. దీన్ని కదపవద్దని పట్టుబట్టి ఉంటే మనం వాదించుకోవడానికి ఒక్క దూలం కూడా మిగిలేది కాదు.

అక్క: కదపడం వేరు...

తమ్ముడు: విప్పాక ఏ కర్ర ఎక్కడికి చేరాలో ఎవరో ఒకరు తేల్చాలి కదా. చిమ్నీలున్న పాత ఇళ్లు కెంట్ నిండా ఉన్నాయి. నెగడు వెలిగే హాలు ఎన్నిచోట్ల చూస్తాం?

అక్క: అది గట్టి మాటే. కానీ అద్దాల్లేని ఆ కిటికీల దగ్గర పది నిమిషాలు నిలబడలేక బయటికి నడిచింది నువ్వు కాదూ?

తమ్ముడు: నువ్వు ఫొటోల కోసం తలుపు తెరిచి ఉంచావు!

అక్క: తలుపు మూసే ఉంది. గాలి కిటికీలోంచే వచ్చింది. సరే, అలా వణికిన వాళ్లే చిమ్నీ కట్టించారు. తీసేస్తే తీశారు, అది నిలిచిన చోటు నేల మీద ఇటుకలతో గుర్తుపెట్టి చూపాలి. నేను అడిగేది అంతే.

తమ్ముడు: పెట్టనీ. నెగడు మాత్రం ఆర్పనివ్వను.