ఎలుగు కనిపించగానే బోను అడిగితే ముప్పు తగ్గదు

అనంతపురం జిల్లా కల్యాణదుర్గం, రాయదుర్గం పరిసరాల్లో ఏ కాలనీ సీసీ కెమెరాలోనో ఎలుగుబంటి కనబడితే మధ్యాహ్నానికల్లా అటవీ శాఖకు ఒకటే విన్నపం వెళ్తుంది: బోను పెట్టండి, పట్టుకెళ్లి నల్లమలలో వదలండి. చిరుత అయితే ఆ ఒత్తిడి పదింతలు. పిల్లలున్న ఇళ్లవాళ్ల భయాన్ని తప్పుపట్టలేం. అయితే ఆ విన్నపం నెరవేరితే ముప్పు పెరుగుతుందని చెప్పడానికి మన దేశంలోనే గట్టి ఆధారం ఉంది.

మహారాష్ట్రలోని జున్నర్‌లో చెరకు తోటల్లో తిరిగే చిరుతలను 2001 నుంచి పెద్ద ఎత్తున పట్టి దూరపు అడవుల్లో వదిలారు. అంతకుముందు మనుషులపై ఏడాదికి సగటున 4 దాడులు జరిగేవి. 2001-2003 మధ్య ఆ సగటు 17కు చేరింది. తెలియని చోట వదిలిన చిరుత తన తావు వెతుక్కుంటూ ఊళ్ల మీదుగా నడుస్తుంది. బోను ఊచలు కొరికి కోరలు విరిగితే జింకను పట్టలేదు. ఇక్కడ ఖాళీ అయిన చోటికి మరో చిరుత రాక మానదు. కనిపించినంత మాత్రాన పట్టొద్దని కేంద్రం 2011లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 11 ప్రకారం కూడా ఇలాంటి జంతువును పట్టాలంటే అది మనిషి ప్రాణానికి ప్రమాదమని తేల్చి రాష్ట్ర స్థాయి అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. రేంజర్‌ను ఘెరావ్ చేసినా ఆ అధికారం ఆయన చేతికి రాదు.

అనంతపురం ఎలుగు ఎక్కడి నుంచో దారి తప్పి వచ్చిందనుకోవడం పొరపాటు. గుండ్ల మధ్య గుహలున్న ఈ బోడి గుట్టలే దాని ఇల్లు. సరిహద్దుకు అవతల బళ్లారి వైపు ఇలాంటి గుట్టల్లోనే ఎలుగుల కోసం 1994లో దరోజి అభయారణ్యం ఏర్పాటు చేశారు. పగలంతా గుహలో పడుకుని పొద్దు వాలాక దిగుతుంది. చెదలు, చీమలు, తేనె, రేగు, జువ్వి, సీతాఫలం దాని తిండి. ఆ గుట్టల్ని గ్రానైట్ క్వారీలు తొలిచాయి, గాలిమరల కోసం కొండ నెత్తి దాకా రోడ్లు పడ్డాయి, కింద లేఅవుట్లు వెలిశాయి. మరోపక్క డ్రిప్పు తోటల కర్బూజ, దానిమ్మ దానికి రాత్రి నడక దూరంలోకి వచ్చాయి. ఎండాకాలంలో గుట్ట మీద చుక్క నీరుండదు. అటవీ శాఖ సాసర్ పిట్లు, అంటే జంతువులు నీళ్లు తాగే పళ్లెం లాంటి తొట్లు కట్టినా ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ ఆగితే అవి ఉత్త సిమెంటు పళ్లాలే.

ఇక్కడి నుంచి పని మున్సిపాలిటీది. ఆదివారం సాయంత్రం చికెన్ కొట్లు మూతపడ్డాక పేగులు, ఈకలు గోతాలకెత్తి కొండ దారి పక్కన పారేస్తారు. చెత్త బండి వచ్చేది మర్నాడు పొద్దున. ఈ మధ్య గంటల్లో కుక్కలు, పందులు చేరతాయి. వాటి కోసం చిరుత వస్తుంది. మహారాష్ట్ర అకోలేలో చిరుతల మలాన్ని పరీక్షిస్తే వాటి తిండిలో కుక్కలదే అన్నిటికంటే పెద్ద వాటా అని తేలింది. కాబట్టి మాంసం వ్యర్థాలను మూత బిగించే డ్రమ్ముల్లో ఆదివారం రాత్రే ఎత్తాలి. పూడ్చేటట్టయితే బావులకు, బోర్లకు దూరంగా ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి, పైన కనీసం రెండడుగుల మట్టి కప్పాలి. మూడంగుళాల గోళ్లతో గట్టి పుట్టలే తవ్వే ఎలుగుకు అరడుగు మట్టి లెక్కలోకి రాదు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కల ఆపరేషన్లు జరగాలి, కానీ తిండి కుప్పలు అలాగే ఉంటే ఆ ఖర్చు వృథా.

కొండపక్క గుళ్లలో దీపపు నూనె, కొబ్బరి చిప్పలు, ప్రసాదం రాత్రి పూట స్టీలు డబ్బాలో పెట్టి తాళం వేయాలి. నూనె వాసన ఒకసారి పట్టిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది.

మేకల దొడ్డికి చుట్టూ కంప వేస్తే చిరుత పైనుంచి దూకుతుంది. నాలుగు పక్కలా జాలీ వేసి పైభాగం వదిలేసినా అంతే. పైకప్పూ జాలీతోనే మూసి, తలుపుకు గడియ పెట్టాలి. అడవి పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ లాగడం మాత్రం హత్యతో సమానం. పందికంటే ముందు రాత్రి మోటారు వేయడానికి వచ్చిన రైతే దానికి తగులుకోవచ్చు. సోలార్ కంచె సెకనుకోసారి క్షణకాలం మాత్రమే ఝళిపిస్తుంది కాబట్టి జంతువు బెదిరి పోతుంది, చావదు. దాని తీగకు గడ్డి తగిలితే షాక్ మట్టిలోకి పోతుంది, అందుకే కంచె కింద కలుపు ఎప్పటికప్పుడు తీయాలి.

ఎదురుపడితే రెండు జంతువులతో రెండు రకాలుగా మెలగాలి. ఎలుగుకు ముక్కు చురుకు, చూపు మందం. పుట్టలో మూతి పెట్టి చెదలు పీల్చేటప్పుడు పక్కకు మనిషి వచ్చినా గమనించదు. దగ్గరయ్యాక ఉలిక్కిపడి మీద పడుతుంది. అందుకే తెల్లవారుజామున చెంబు పట్టుకుని కొండపక్కకు వెళ్లేవాళ్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో వాకింగ్ చేసేవాళ్లు దెబ్బ తింటున్నారు. ఇద్దరు ముగ్గురు గట్టిగా మాట్లాడుకుంటూ, టార్చి వేసుకుంటూ నడిస్తే అదే తప్పుకుంటుంది. పరుగెత్తినా లాభం లేదు, చెట్టెక్కినా అదీ ఎక్కుతుంది. మీద పడితే బోర్లా పడుకుని రెండు చేతులూ మెడ వెనక బిగించాలి, ఎందుకంటే అది మొహం మీదికే పోతుంది. చిరుత ముందు వంగకూడదు, కూర్చోకూడదు. కూర్చున్న మనిషి దాని కంటికి చిన్న జంతువులా కనిపిస్తాడు. చేతులు పైకెత్తి, అరుస్తూ, దాన్నే చూస్తూ వెనక్కి జరగాలి.

చిరుత ఇంట్లో దూరితే తలుపు వేసి, జనాన్ని దూరంగా పంపాలి. గుంపు చేరితేనే ప్రాణం మీదికొస్తుంది. మత్తు ఇంజెక్షన్ తగిలాక జంతువు పడిపోవడానికి పది నిమిషాలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆ లోపు అది ఎవరి మీదికైనా ఉరుకుతుంది. మే ఎండలో మత్తెక్కిన జంతువుకు ఒళ్లు కాలిపోతుంది, నీడలో పెట్టి నీళ్లు చల్లకపోతే చస్తుంది. తహసీల్దారు, పోలీసులు గుంపులను ఆపే పాత 144 సెక్షన్‌ను, అంటే ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 163ను ముందే వాడాలి. జంతువు ఇంకా బయటే ఉంటే, కొండ వైపు దారి ఖాళీగా ఉంచితే చాలాసార్లు చీకటి పడ్డాక అదే వెళ్లిపోతుంది.

వాట్సాప్‌లో వీడియో తిప్పే బదులు అడుగు జాడ కాపాడండి. జాడ మీద గంప బోర్లించి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌ను పిలవాలి. కుక్క జాడలో గోళ్ల గుర్తు పడుతుంది, చిరుత జాడలో పడదు. ఎలుగు వెనక పాదం మనిషి పాదంలా ఉండి ముందు గోళ్ల గీతలుంటాయి.

గాయమైతే పసుపో కాఫీ పొడో అద్దకుండా పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడగాలి. ఎలుగుకైనా చిరుతకైనా రేబిస్ ఉండొచ్చు కాబట్టి వ్యాక్సిన్‌తో పాటు గాయంలోకి రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్) ఇచ్చాకే కుట్లు వేయాలి. కల్యాణదుర్గం, రాయదుర్గం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ మందు రాత్రివేళ కూడా నిల్వ ఉండేలా చూడటం జిల్లా వైద్యాధికారుల బాధ్యత.