ట్రేడ్ డెడ్‌లైన్ గారికి ఒక బెంచ్ అభిమాని అర్జీ

మహారాజశ్రీ ఎన్‌బీఏ ట్రేడ్ డెడ్‌లైన్ గారి దివ్యసముఖానికి, టెక్సాస్ రాష్ట్రం ఇర్వింగ్ కాపురస్తుడు నమస్కరించి రాయునది. తమరంటే, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకోవడానికి, అంటే ట్రేడ్ చేయడానికి, సీజన్ మధ్యలో పెట్టే ఆఖరి గడువు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమానికి ఏ లోటూ లేదని మొన్న గురువారం మధ్యాహ్నం కళ్ళారా చూశాం. న్యూయార్క్ లెక్కన మీ గడువు మూడింటికి, మాకు రెండింటికి. రిలీజ్ కాల్‌లో కెమెరా ఆపేసి, మ్యూట్‌లో కూర్చుని, ఫోన్ రిఫ్రెష్ కొడుతూ ఉన్నాను. మా లీడ్ రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడట, వినపడలేదు. రెండయింది, హమ్మయ్య మా వాడు గట్టెక్కాడు అనుకున్నాను. కానీ లోపల ఎప్పుడో కుదిరిపోయిన బేరాలు బయటికి రావడానికి ఇంకో అరగంట పడుతుంది కదా, ఆ అరగంటలోనే పోయాడు. వచ్చే వారం ఆయన జట్టు డాలస్ వస్తోందని రెండు టికెట్లు కొని పెట్టుకున్నాను. జట్టు వస్తుంది. మా వాడు రాడు.

మా వాడంటే ఎవరో స్టార్ అనుకునేరు. బ్యాకప్ పాయింట్ గార్డ్, అంటే బంతి పట్టుకుని ఆట నడిపించేవాడికి బదులుగా బెంచ్ మీద నుంచి దిగేవాడు. పేరు చెప్పను, చెబితే "ఎవరూ?" అంటారు, అది నాకు ఇంకా మంట. 2025 ఫిబ్రవరిలో, ఇంకా మీరు రాకముందే, శనివారం అర్ధరాత్రి వేళ మా డాలస్ స్టార్ లూకా డాంచిచ్‌ని లాస్ ఏంజెలిస్‌కి పంపేశాక నేను జట్లకి అభిమానిగా ఉండటం మానేశాను. బెంచ్ మీద కూర్చునే పాయింట్ గార్డ్‌లకి అభిమానినయ్యాను. వీళ్ళయితే పోతారని ముందే తెలుసు, గుండె తట్టుకుంటుంది అనుకున్నాను. తట్టుకోవడం లేదండీ.

ముందుగా ఆ వార్త రాసే పద్ధతి గురించి. మొదట స్టార్ పేరు. తర్వాత అటు నుంచి వచ్చే ఇద్దరి పేర్లు. ఆ తర్వాత ఏడేళ్ళ తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్ (కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండు వంతు), అంటే ఇవాళ ఏ స్కూల్లోనో ఏడో క్లాసు చదువుతున్న పిల్లాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మీ వార్తలో ఆ సోమలింగం పేరు ముందు, పదేళ్ళుగా ఆడుతున్న మా వాడి పేరు కామా పెట్టి చివర్లో. ఎందుకు వెళ్తున్నాడయ్యా అంటే బేరంలో రెండు వైపులా జీతాల లెక్క సరిపోవాలి, ఆ లోటు పూడ్చడానికి ఈయన జీతం సరిగ్గా సరిపోయింది. ఆట చూసి కాదు, జీతం అంకె చూసి తీసుకెళ్ళారు.

ఇష్ స్మిత్ అని ఇలాంటి పాయింట్ గార్డే, గుర్తున్నాడా మీకు? ఉండడు. నాలుగుసార్లు మీ చేతికి చిక్కాడు. 2011లో హ్యూస్టన్ నుంచి మెంఫిస్‌కి పంపారు, ఆ రోజు అందరూ అదే బేరంలో వెళ్ళిన షేన్ బ్యాటియే గురించే మాట్లాడుకున్నారు. 2013లో ఒర్లాండో నుంచి మిల్వాకీకి, ఆ రోజు జేజే రెడిక్ గురించి. 2015లో ఓక్లహోమా సిటీ నుంచి న్యూ ఓర్లీన్స్‌కి. వాళ్ళు ఆడించకుండానే వదిలేస్తే ఫిలడెల్ఫియా వాళ్ళు తీసుకున్నారు. 2022లో షార్లట్ నుంచి వాషింగ్టన్‌కి. షార్లట్ ఆయన పుట్టిన ఊరండీ. 2010 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోని ఆరడుగుల మనిషి, దేశమంతా తిరిగి తిరిగి చివరికి సొంతూరి జట్టులో చేరితే, ఒక్క సీజన్ పూర్తి చేయనిచ్చారా?

మొత్తం 13 జట్లు, లీగ్ చరిత్రలో రికార్డు. అంతకుముందు 12 జట్లతో నలుగురు ఉండేవారు: చక్కీ బ్రౌన్, టోనీ మాసెన్‌బర్గ్, జిమ్ జాక్సన్, జో స్మిత్. ఆ నలుగురిలో ఒక్కడూ పాయింట్ గార్డ్ కాదు. ఇది మామూలు విషయం కాదు, దయచేసి ఇక్కడ కాసేపు ఆగి వినండి, నా అసలు బాధ ఇదే.

షూటర్‌కి బుట్ట ఏ ఊళ్ళోనైనా పదడుగుల ఎత్తులోనే ఉంటుంది. మూలకి పోయి నిలబడతాడు, బంతి వస్తే వేస్తాడు. రీబౌండ్ లాగేవాడికీ అంతే. పాయింట్ గార్డ్ సంగతి అలా కాదు. ఎనిమిది సెకన్లలో బంతిని సగం కోర్టు దాటించాలి, ఆ లోపే కోచ్ వైపు ఓ చూపు చూసి, అరిచో వేళ్ళు చూపించో ఇప్పుడు ఏ ప్లే ఆడాలో మిగతా నలుగురికీ చెప్పాలి. పిక్ అండ్ రోల్ అనే ఒకే ఎత్తుకి ఒక జట్టులో ఒక పేరు, ఇంకో జట్టులో పిడికిలి సైగ, మూడో జట్టుకి పోతే ఆ పిడికిలికి అర్థమే వేరు. బుట్ట దగ్గరుండే కొత్త సెంటర్‌కి లాబ్, అంటే గాల్లోకి ఎత్తి విసిరే పాస్, ఎంత ఎత్తులో వేస్తే అందుతుంది, కుడి చేతి వైపా ఎడమ చేతి వైపా? ఆ షూటర్‌కి పాస్ ఛాతీ దగ్గర కావాలా, నడుము దగ్గర కావాలా? వరసగా మూడుసార్లు బంతి రాకపోతే అలిగి డిఫెన్స్ మానేసేది ఎవరు? ఇవి ప్లేబుక్‌లో రాసి ఉండవు, కలిసి ఆడితేనే తెలుస్తాయి. టైమవుట్‌లో అందరూ నీళ్ళు తాగుతుంటే ఈయన ఒక్కడే అసిస్టెంట్ కోచ్ పట్టుకున్న ట్యాబ్‌లోకి తల దూర్చి, నోట్లో ఏదో గొణుక్కుంటూ వేళ్ళు మడిచి చూసుకుంటూ ఉంటాడు. నిన్న గాక మొన్న వచ్చాడు మరి. సరిగ్గా ఆ నిమిషంలోనే కెమెరా పోయి చెమటైనా పట్టని స్టార్ మీద ఆగుతుంది.

మా ఐటీలో ఎంత దిక్కుమాలిన ప్రాజెక్టయినా మనిషి మారేటప్పుడు కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) అని ఒకటి పెడతారు. వెళ్ళేవాడు స్క్రీన్ షేర్ చేసి ఏదో చెప్తాడు, వచ్చేవాడు తలూపుతాడు, రికార్డింగ్ ఒక ఫోల్డర్లో పడుంటుంది, దాన్ని ఎవరూ చూడరు. అయినా పెడతారు. కాంట్రాక్టు మీద బతికేవాడికి, బెంచ్ మీద కూర్చుని కన్సల్టెన్సీ ఫోన్ కోసం చూసేవాడికి కూడా ఆ పాటి మర్యాద దక్కుతుంది. మీ దగ్గర? ఎల్లుండి మ్యాచ్, రా, వచ్చి నడిపించు. నాలుగు మ్యాచుల్లో తడబడితే టీవీలో పెద్దమనుషులు "సిస్టమ్‌లో ఇమడలేకపోయాడు" అని తేల్చేస్తారు. ఇమడటానికి టైమ్ ఎక్కడిచ్చారు సార్?

ఇంకో చిత్రం వినండి. మీ బారిన పడకుండా ఒక కవచం ఉంది, నో ట్రేడ్ క్లాజ్, అంటే ఆటగాడు ఒప్పుకోకుండా ట్రేడ్ చేయకూడదనే షరతు. అది కాంట్రాక్టులో రాయించుకోవాలంటే లీగ్‌లో ఎనిమిదేళ్ళు ఆడి ఉండాలి, అందులో కనీసం నాలుగేళ్ళు ఆ జట్టులోనే ఆడి ఉండాలి. అంటే కదలకుండా ఉండే హక్కు ఎవరికంటే, కదలకుండా ఉన్నవాడికి! ఇష్ స్మిత్ ఒకే జట్టులో ఎక్కువ కాలం ఉన్నది డెట్రాయిట్‌లో, మూడేళ్ళు. ఎనిమిదేళ్ళ షరతు సునాయాసంగా దాటాడు, నాలుగేళ్ళ దగ్గర తన్నేసింది. 2022 జూలైలో వాషింగ్టన్ వాళ్ళు తమ స్టార్ బ్రాడ్లీ బీల్‌కి ఐదేళ్ళకి 25.1 కోట్ల డాలర్లు ఇచ్చి, పైన ఈ క్లాజ్ కూడా పెట్టారు. అదే జూలైలో, అదే ఆఫీసు నుంచి, ఇష్ స్మిత్‌ని డెన్వర్‌కి ట్రేడ్ చేశారు. ఉన్నవాడికే పెట్టడం అంటే ఇదే.

ఫిలడెల్ఫియా వాళ్ళ తెలివి కూడా చెప్పుకోవాలి. 2015 వేసవిలో ఇష్ స్మిత్‌ని ఊరికే వదిలేసుకున్నారు. డిసెంబర్ వచ్చేసరికి ఆడిన 30 చిల్లర మ్యాచుల్లో ఒక్కటి గెలిచారు, ఒక్కటి. క్రిస్మస్ ముందు రోజు రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు సమర్పించుకుని మళ్ళీ ఈయన్నే తెచ్చుకున్నారు. 26న ఫీనిక్స్‌లో ఆడించారు, గెలిచారు. కేటీ లేదు, పండగ లేదు, దిగీ దిగగానే గెలుపు. ఆ సీజన్ అయ్యాక ఉంచుకున్నారా అని అడక్కండి.

ఇంకో పాయింట్ గార్డ్ ఐజయా థామస్ సంగతి ఎత్తకూడదు అనుకున్నాను, చెయ్యి ఆగడం లేదు. ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి, 2011 డ్రాఫ్ట్‌లో చిట్టచివరి 60వ పిక్. 2017 ఏప్రిల్‌లో చెల్లెలు కారు ప్రమాదంలో పోయింది. మర్నాడు బోస్టన్ కోసం ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ దశ) మ్యాచ్ ఆడాడు. మే 2న, ఆ పిల్ల పుట్టినరోజున, 53 పాయింట్లు కొట్టి గెలిపించాడు. తుంటి దెబ్బతో ఆడుతూనే ఉన్నాడు. ఆగస్టులో అమ్మేశారు. అది ఎండాకాలం బేరం, నాది కాదు అంటావేమో, ఆగు, నీ వంతు వస్తోంది. క్లీవ్‌లాండ్‌లో తుంటి నయం చేసుకుని తిరిగొచ్చి 15 మ్యాచులు ఆడాడో లేదో, 2018 ఫిబ్రవరి 8న, నీ రోజునే, లాస్ ఏంజెలిస్‌కి తోసేశావు. ఆ తర్వాత ఆ మనిషి పది రోజుల కాంట్రాక్టుల కోసం ఊరూరా తిరిగాడు, మా డాలస్ కూడా అందులో ఒకటి. ఏం మనిషివి నువ్వు? విశ్వాసం, విశ్వాసం అని ఆటగాళ్ళకి నీతులు చెప్పే యాజమాన్యాలకి నువ్వు ఏటా ఒక గురువారం సెలవిస్తున్నావు, ఆ రోజు ఎవరికీ సిగ్గుండక్కర్లేదు.

ఏకవచనానికి మన్నించండి.

పంపేశాక మీ జట్లు వేసే ఆ "థాంక్యూ" పోస్టర్ గురించి కూడా ఒక మాట. మా వాడికి వేసిన దాంట్లో ఫోటో మసకగా ఉంది. మీకు కౌంట్‌డౌన్ గడియారం పెట్టి సంబరం చేసే టీవీ షోల గురించి మాట్లాడటం దండగ.

ఇంత తిట్టాక ఒక్క విషయం దాచలేను. మీ దయ వల్లే కొన్ని మంచి జరిగాయి, చెప్పకపోతే కళ్ళు పోతాయి. మీరు వాషింగ్టన్‌కి పంపబట్టే, అక్కడి నుంచి డెన్వర్ చేరిన ఇష్ స్మిత్‌కి 2023లో చాంపియన్‌షిప్ ఉంగరం వచ్చింది, పదమూడో జట్టులో. ప్లేఆఫ్స్‌లో పెద్దగా ఆడించలేదు, అయినా ఉంగరం ఉంగరమే. ఇక మరో పాయింట్ గార్డ్ డెనిస్ ష్రోడర్. 2023లో జర్మనీకి ప్రపంచ కప్ గెలిపించి టోర్నీలో ఉత్తమ ఆటగాడైన కెప్టెన్‌ని, గోల్డెన్ స్టేట్‌లో రెండు నెలలైనా నిండకుండా, 2025 ఫిబ్రవరిలో యూటాకి ట్రేడ్ చేసి, ఆ వెంటనే అక్కడి నుంచి డెట్రాయిట్‌కి తిప్పారు. యూటా అన్నది కాగితం మీదే. నేను ఆ రోజు కూడా మిమ్మల్ని తిట్టాను. ఏప్రిల్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో న్యూయార్క్ జట్టుతో ప్లేఆఫ్ సిరీస్ రెండో మ్యాచ్. నిమిషం కూడా లేదు, స్కోరు సమం, జనం గోల. బెంచ్ మీద నుంచి వచ్చిన ష్రోడర్ త్రీ పాయింటర్ కొట్టాడు. 2008 తర్వాత డెట్రాయిట్‌కి అదే మొదటి ప్లేఆఫ్ గెలుపు. సోఫాలోంచి లేచి అరిచాను, పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు గోడ కొట్టారు. ఆ రాత్రి మీ మీద కాస్త మమకారం కలిగిన మాట నిజం.

జూలై వచ్చింది. డెట్రాయిట్‌లో లేడు, శాక్రమెంటో వెళ్ళిపోయాడు.

కాబట్టి అయ్యా, నా అర్జీ ఒక్కటే. ఆ నో ట్రేడ్ క్లాజ్ నాలుగేళ్ళు ఒకచోట ఉన్నవాడికి కాదు, నాలుగుసార్లు మీ చేతిలో పడినవాడికి ఇప్పించండి. అయిదోసారి ఫోన్ మోగినప్పుడు "నేను రాను" అనగలగాలి ఆయన. అన్నాక ఏమవుతుందో చూద్దాం, జట్టు నడిపేది ఆయనే కదా, ఆయన లేకుండా బంతి సగం కోర్టు దాటించుకోండి.

ఇట్లు,
రెండు టికెట్లు చేతిలో పట్టుకుని ఉన్న మీ విధేయుడు