పాత యాప్ ఎక్కడ దొరుకుతుంది?

యాభై ఏళ్ల కిందటి వారపత్రిక సంచిక కావాలంటే ఏ పాత గ్రంథాలయంలోనో కట్టలు విప్పి వెతుక్కోవచ్చు. పదేళ్ల కిందటి వాట్సాప్ ఎలా ఉండేదో చూపించమంటే ఏం చేయాలి? ఇంటర్నెట్‌లో గాలిస్తే పాత ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఫోన్‌లో ఎక్కించే ఫైలు) ఏదో ఒకటి దొరకవచ్చు. దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి తెరిస్తే, ఈ వెర్షన్ గడువు తీరిపోయిందని, అప్‌డేట్ చేసుకోవాలని చెప్పి అక్కడే ఆగిపోతుంది. యాప్‌లో సగం మన ఫోన్‌లో ఉంటే మిగతా సగం కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, ఆ సగం పాతదాన్ని గుర్తుపట్టదు. యాప్‌ల చరిత్ర రాయబూనిన పరిశోధకులకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే.

వెబ్‌సైట్ల విషయంలో పరిస్థితి కొంత నయం. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అప్పటి నుంచే పేజీలను భద్రపరుస్తోంది. 2001లో వేబ్యాక్ మెషీన్ ద్వారా వాటిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. డెన్మార్క్‌లో నీల్స్ బ్రూగర్ వంటివారు వెబ్ చరిత్రను ఒక విద్యాశాఖగా నిలబెట్టగలిగారంటే ఆధారం ఇలాంటి నిల్వలే. అయితే పేజీలను సేకరించే ఆ రోబో లాగిన్ కాలేదు, యాప్ లోపలికి వెళ్లలేదు. పైగా ప్రతి అప్‌డేట్ తన ముందరి వెర్షన్‌ను చెరిపేసి ఆ చోట కూర్చుంటుంది. 2017లో ఐఫోన్‌లకు ఐఓఎస్ 11 రాగానే, పాత తరం 32-బిట్ ప్రాసెసర్ల కోసం తయారై ఆపై ఎవరూ పట్టించుకోని యాప్‌లన్నీ ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి.

నెదర్లాండ్స్‌కు చెందిన ఆన్ హెల్మండ్, ఫెర్నాండో వాన్ డెర్ ఫ్లిస్ట్ దీనికి ఒక దారి చూపారు. యాప్ దొరకకపోతే దాని చుట్టూ పేరుకున్న కాగితాలను చదవాలన్నది వారి పద్ధతి. అంటే యాప్ స్టోర్‌లోని వివరణలు, డెవలపర్ల కోసం రాసిన సూచనలు, ప్రకటనదారుల కోసం పెట్టిన పేజీలు. ప్రతి అప్‌డేట్‌తో ఏం మారిందో చెప్పే వెర్షన్ వివరాలూ ఉపయోగపడేవే కానీ, ఈ మధ్య ప్రతి కంపెనీ 'బగ్‌లు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం' అన్న ఒక్క వాక్యంతో ఏడాదంతా గడిపేస్తోంది.

ఈ పద్ధతి విలువ ఏమిటో ఫేస్‌బుక్ ఉదాహరణతో తెలుస్తుంది. ఒక క్విజ్ యాప్ ద్వారా సేకరించిన కోట్లాది ఫేస్‌బుక్ ఖాతాల సమాచారం కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సంస్థకు చేరిన వ్యవహారం 2018 మార్చిలో బయటపడినప్పుడు అదేదో చీకటిలో జరిగిన దొంగతనంలా ప్రపంచమంతా ఉలిక్కిపడింది. కానీ 2010 తర్వాత ఫేస్‌బుక్ డెవలపర్లకు ఇచ్చిన సూచనల్లో అనుమతుల జాబితా బహిరంగంగానే ఉండేది. ఒక వ్యక్తి ఒక క్విజ్ యాప్‌కు సరే అన్నాడంటే, ఆ యాప్ అతని స్నేహితుల పుట్టినరోజులు, వారు లైక్ చేసిన విషయాలు కూడా అడిగి తీసుకోవచ్చు. ఆ స్నేహితులను ఎవరూ అడగనక్కర్లేదు. 2014లో కొత్త నిబంధనలు ప్రకటించి, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆ తలుపు మూశారు. తప్పు ఏ ఒక్క యాప్‌ తయారీదారుదో కాదని, ఫేస్‌బుక్ అనే వేదికను నిర్మించిన తీరులోనే ఉందని నిరూపించాలంటే పాత సూచనల పేజీ కావాలి. కంపెనీ తన సైట్‌లో దాన్ని మార్చేసుకుంటుంది. బయట ఎవరో దాచిన ప్రతే సాక్ష్యం.

ఆ వ్యవహారం తర్వాత జరిగింది మరీ విచిత్రం. గోప్యత పేరుతో వేదికలు బిగించిన తలుపులు పరిశోధకులకూ మూసుకుపోయాయి. 2021లో విద్యారంగానికి ఉచితంగా నెలకు కోటి ట్వీట్ల వరకు ఇచ్చిన ట్విటర్ 2023లో ఆ సౌకర్యాన్ని ఎత్తేసింది. ఫేస్‌బుక్‌లో ఏ పోస్టు ఎంత దూరం పాకిందో చూపే క్రౌడ్‌టాంగిల్ అనే సాధనాన్ని ఫేస్‌బుక్ యజమాని సంస్థ మెటా 2024 ఆగస్టు 14న మూసేసింది. ఐరోపా సమాఖ్య డిజిటల్ సేవల చట్టంలోని 40వ అధికరణం పరిశోధకులకు డేటా అడిగే హక్కు ఇచ్చింది. మన దగ్గర అలాంటి హక్కు లేదు.

మన భాషకు సంబంధించినంతవరకు దాచినదైనా చదవగలమా అన్నది మరో ప్రశ్న. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారు వాడుకునేవి. వేబ్యాక్ మెషీన్‌లో ఆనాటి పేజీ తెరిస్తే చాలాసార్లు తెలుగు అక్షరం ఒక్కటీ కనిపించదు, గుర్తులూ రోమన్ అక్షరాలూ కలగాపులగంగా తెర నిండా పరుచుకుంటాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో 'పద్మ' అనే పొడిగింపు (ఎక్స్‌టెన్షన్) ఉండేది. 2017లో ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతి పొడిగింపులన్నింటికీ స్వస్తి చెప్పింది. వార్త భద్రంగానే ఉంది, చదివించే సాధనం జారిపోయింది.

పుస్తకమైతే అచ్చయిన వెంటనే జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపాలని మన దేశంలో 1954 నాటి చట్టం చెబుతుంది. రెండేళ్ల తర్వాత పత్రికలనూ అందులో చేర్చారు. డెన్మార్క్ 2005లోనే తన దేశపు వెబ్‌ను, బ్రిటన్ 2013లో ముద్రణేతర ప్రచురణలను ఇలాంటి నిబంధన కిందికి తెచ్చాయి. మన చట్టం ఇంకా కాగితం దగ్గరే ఉంది. తెలుగులోనూ రాసుకునే వీలిచ్చి, కేంద్ర మంత్రులు సైతం ఖాతాలు తెరిచిన, ట్విటర్ లాంటి భారతీయ యాప్ 'కూ' 2024 జూలైలో మూతపడింది. అందులోని తెలుగు పోస్టుల ప్రతిని ఏ గ్రంథాలయానికైనా అప్పగించి వెళ్లమని ఆ సంస్థను అడిగే అధికారం ఆ రోజు ఎవరికీ లేదు.